పాడి ఆవుల మేతలో విటమిన్-ఇ: చరిత్ర

పాడి ఆవులకు మేతతోపాటు విటమిన్-ఇ అదనంగా ఇవ్వడం నేటి పశుపోషణలో స్థిరపడిన పద్ధతి. పాల దిగుబడి పెంచడం దీని ప్రధాన ప్రయోజనం కాదు. ఈనే రోజుల్లో ఆవు రోగనిరోధక శక్తిని నిలబెట్టడం, పొదుగును కాపాడడం, పాలు రుచి చెడకుండా చూడడం దీని పని.

ఆవిష్కరణ

1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ ఒక విషయం గమనించారు. పందికొవ్వు కలిపిన మేత తిన్న ఎలుకలు చూలు కట్టినా పిండాలు కడుపులోనే కరిగిపోతున్నాయి. లెట్యూస్ ఆకులు, గోధుమ అంకురం పెడితే పిల్లలు నిలిచాయి. వీటిలోని తెలియని పోషకానికి 1924లో బార్నెట్ ష్యూర్ విటమిన్-ఇ అని పేరు పెట్టారు. 1936లో ఎవాన్స్ బృందం గోధుమ అంకుర తైలం నుంచి ఆల్ఫా టోకోఫెరాల్‌ను వేరుచేసింది. 1938లో పాల్ కారర్ దాన్ని కృత్రిమంగా తయారుచేశారు.

పశువులపై పరిశోధన

ఎలుకల్లో కనిపించిన సంతాన లోపం ఆవుల్లో కనిపించలేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విటమిన్-ఇ లేని మేతపై పెంచిన పశువులు చూడి కట్టి మామూలుగానే ఈనాయి. కానీ కొన్ని గుండె ఆగి హఠాత్తుగా చనిపోయాయి. పరిశోధకులు గలిక్సన్, కాల్వర్లీ ఈ ఫలితాన్ని 1946లో ప్రకటించారు. లేగదూడల్లో కండరాలు పాలిపోయి క్షీణించే తెల్లకండర వ్యాధికీ ఈ లోపానికీ సంబంధం ఉన్నట్లు తేలింది.

1957లో శాస్త్రవేత్త క్లాస్ ష్వార్జ్ సెలీనియం అనే ఖనిజం పాత్రను కనుగొన్నాక చిత్రం క్రమంగా స్పష్టమైంది. విటమిన్-ఇ కణపొరల్లోని కొవ్వు ఆక్సీకరణ చెందకుండా అడ్డుకుంటుంది. సెలీనియం ఉన్న ఎంజైము అప్పటికే ఏర్పడిన పెరాక్సైడ్లను నిర్వీర్యం చేస్తుంది. 1970లలో ఈ రెంటినీ కలిపి ఇచ్చి, ఈనిన ఆవుల్లో మాయ పడకపోవడాన్ని తగ్గించవచ్చని బ్రిటన్, అమెరికా పరిశోధకులు చూపారు. ఫలితాలు మాత్రం అన్ని మందల్లో ఒకేలా రాలేదు.

పొదుగువాపు

ఈనే ముందు, ఈనిన వెంటనే ఆవు రక్తంలో విటమిన్-ఇ బాగా పడిపోతుంది. సూక్ష్మజీవులను చంపే తెల్లరక్తకణాలు సరిగ్గా అప్పుడే బలహీనపడతాయి. 1984లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్మిత్ బృందం వట్టిపోయిన కాలంలో రోజుకు 740 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్-ఇ ఇచ్చినప్పుడు, లక్షణాలు బయటపడే పొదుగువాపు 37 శాతం తగ్గింది. 1997లో అదే రాష్ట్రంలో వైస్ బృందం చేసిన ప్రయోగంలో ఈనే ముందు 2 వారాలు రోజుకు 4,000 యూనిట్లు అందుకున్న ఆవుల్లో, 100 యూనిట్లు అందుకున్నవాటితో పోలిస్తే ఈ వ్యాధి 88 శాతం తగ్గింది.

ఎంత ఎక్కువ ఇస్తే అంత మేలని దీన్ని అర్థం చేసుకోకూడదు. 2010లో నెదర్లాండ్స్‌లో బౌస్ట్రా బృందం వట్టిపోయిన కాలంలో రోజుకు 3,000 యూనిట్లు ఇచ్చిన ఆవుల్లో పొదుగువాపు పెరిగింది. మంద స్థితి, రక్తంలో ముందే ఉన్న స్థాయి తెలుసుకోవాలన్న హెచ్చరిక అది.

పాలపై ప్రభావం

ఆవు తిన్న విటమిన్-ఇలో చాలా కొద్ది భాగమే పాలలోకి చేరుతుంది. ఆ కొద్దిపాటిదే పాలకొవ్వును ఆక్సీకరణ నుంచి కాపాడుతుంది. వెలుతురు సోకినా, రాగి తగిలినా పాలకు అట్టముక్క వాసన రావడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది. పొదుగు ఆరోగ్యంగా ఉండడంతో పాలలో పొదుగువాపుకు సూచికైన సోమాటిక్ కణాలు తగ్గుతాయి. కృత్రిమ రకాన్ని మేపినా పాలలోకి ఎక్కువగా చేరేది సహజ రూపమే. ముర్రుపాలలో విటమిన్-ఇ సమృద్ధిగా ఉంటుంది. తల్లి గర్భంలో దూడకు అందేది స్వల్పం కనుక, పుట్టిన వెంటనే ముర్రుపాలు తాగించడం తప్పనిసరి.

మోతాదు, మేత

2001లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, ప్రతి కిలో శరీర బరువుకు రోజూ పాలిచ్చే ఆవుకు 0.8, వట్టిపోయిన ఆవుకు 1.6 యూనిట్లు సూచించింది. అంటే 600 కిలోల ఆవుకు వరుసగా సుమారు 500, 1,000 యూనిట్లు. పచ్చిమేతలో విటమిన్-ఇ పుష్కలం. ఎండబెడితే, నిల్వ ఉంచితే చాలావరకు నశిస్తుంది. అందుకే వేసవిలో వరిగడ్డిపైనే ఆధారపడే తెలుగు ప్రాంతాల పాడి పశువులకు లోపం ఏర్పడే అవకాశం ఎక్కువ. చూడి పశువుకు చివరి నెలల్లో పచ్చిమేత అందించడం, అది దొరకనప్పుడు పశువైద్యుల సలహాతో విటమిన్-ఇ, సెలీనియం ఇవ్వడం మేలు.