కెన్ ఫోలెట్
కెన్ ఫోలెట్ (జననం: 1949 జూన్ 5, కార్డిఫ్, వేల్స్) బ్రిటిష్ నవలాకారుడు. విలేఖరిగా మొదలై, 1978లో ‘ఐ ఆఫ్ ది నీడిల్’ అనే గూఢచారి నవలతో పేరు తెచ్చుకున్నాడు. దానికి ఎడ్గార్ పురస్కారం దక్కింది. పన్నెండో శతాబ్దపు చర్చి నిర్మాణం మీద 1989లో ‘ది పిల్లర్స్ ఆఫ్ ది ఎర్త్’ రాసి ఆయన థ్రిల్లర్‌ను వదిలేశాడని కొందరంటారు. ఆ నవలలో వదిలింది గూఢచారులను మాత్రమే, ఉత్కంఠను ఎక్కడా విడిచిపెట్టలేదు. ‘ఐ ఆఫ్ ది నీడిల్’లో నార్మండీ దాడి రహస్యం హిట్లర్‌కు చేరుతుందా అని భయపెట్టిన చెయ్యే, ఇక్కడ కింగ్స్‌బ్రిడ్జ్ అనే కల్పిత పట్టణంలో చర్చి పూర్తవుతుందా అని వందల పేజీలు చదివిస్తుంది. ఆయన మధ్యయుగపు మనుషులు మరీ నేటివాళ్లలా ఆలోచిస్తారన్న విమర్శలో నిజం లేకపోలేదు. కానీ రాతి కమానులు, మేస్త్రీల కూలి, ఉన్ని బేరాలు కథను మలుపు తిప్పే తీరులో ఆ కాలం గట్టిగానే పలుకుతుంది. 2023 నాటి ‘ది ఆర్మర్ ఆఫ్ లైట్’ కూడా కింగ్స్‌బ్రిడ్జ్ కథే.