కుర్చీలో నాట్ల పాట

కిందటి వానాకాలం ఘట్‌కేసర్‌లో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. రాస్తున్న నవలలో నాట్ల సన్నివేశం ఉంది, దానికో పాట కావాలి. సొంతంగా కల్పించుకోవచ్చుగా అంటారేమో! కల్పించాను కూడాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.

చిన్నమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డింగు నొక్కి, "ఇక పాడు చిన్నమ్మా" అన్నాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ ఆగింది.

"కుర్సీల కూసుంటె ఎట్లొస్తది బిడ్డా? నడుం వంగాలె, చేతుల నారుండాలె. ఒకామె అంటుంటె మిగిలినోల్లు అందుకోవాలె."

బి.ఏ.లో జానపద సాహిత్యమంటే నాకు పరీక్షకొచ్చే ఒక ప్రశ్న, అంతే. 'ఫోక్‌లోర్' అన్న మాటని 1846లో విలియం థామ్స్ అనే ఆంగ్లేయుడు మారుపేరుతో 'ఎథీనియం' పత్రికకు రాసిన ఉత్తరంలో పుట్టించాడు. పాతవన్నీ మాయమైపోతున్నాయి, మిగిలినవైనా ఏరుకుందాం రండని ఆయన గోల. (ఈ గోల అప్పటిదన్నమాట!) మన దగ్గర బిరుదురాజు రామరాజు గారు ఊళ్లు తిరిగి పాటలు సేకరించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వాటిమీదే డాక్టరేటు పుచ్చుకున్నారు. 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. చదువురాని ఆడవాళ్ల పాటకి పండితుల మధ్య పీట వేయించడం ఆ రోజుల్లో చిన్న సంగతా?

తర్వాత 1964లో అలన్ డండిస్ అనే అమెరికన్ పండితుడు, పాట మాటలొక్కటే రాసుకుంటే చాలదు, పలికిన తీరూ పాడిన సందర్భమూ రాసుకోవాలని వాదించాడు. చిన్నమ్మ కుర్చీలోంచి చెప్పిందీ అదేగా! కానీ సందర్భం ఎక్కణ్ణుంచి తేను? ఆవిడ నాట్లేసిన మడి ఇప్పుడు ప్లాట్లయింది. హద్దురాళ్లు పాతి ఉన్నాయి.

ఏమాటకామాటే చెప్పాలి, నేను చేసిన నిర్వాకం ఒకటుంది. ఆ రెండు చరణాల్నే వ్యాకరణం సరిచేసి, ప్రాస కుదిర్చి, మర్నాడు ఆవిడకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మంచిగనే ఉంది. ఎవలు కట్టిన్రు?" అంది.

సాయంత్రం ఇరుగుపొరుగు ముసలమ్మలిద్దర్ని పిలిచింది. ముగ్గురూ పెరట్లో కొంగులు దోపుకుని నడుం వంచారు. చేతుల్లో నారు లేదు, గడ్డిపరకలు. పదకొండు చరణాలొచ్చాయి, ఎక్కడా తడుముకోకుండా! నడుమ ఒక చరణంలో కూలిగింజలు తక్కువ కొలిచే ఆసామి పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. ముగ్గురూ పకపకా నవ్వారు. వెంటనే చిన్నమ్మ నా ఫోను మీద చెయ్యి పెట్టేసింది.

"గది రాయకు. ఆల్ల మనుమలు గీ వాడలనే ఉంటున్నరు."

ఆ చరణం తీసేస్తే పాట కుంటుతుంది. ఉంచితే రేపు చిన్నమ్మ ఆ వాడలోనే నడవాలి. పేరు మార్చి రాద్దామా అంటే, నిన్న ప్రాస కుదిర్చిన దాన్ని, నన్ను నేనే నమ్మను. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, ముసలమ్మల్లో ఒకావిడ చెప్పులేసుకుంటూ నా దగ్గరికి వంగి, "ఏం గాదు, రాస్కో" అని గుసగుసగా చెప్పి వెళ్లిపోయింది.