కొటేషన్ గుర్తుల మధ్య ఒక 'కొత్త'

1965 ఫిబ్రవరిలో అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో ఒక చిన్న పరిశోధన పత్రం అచ్చయింది. శీర్షికను తెలుగు చేస్తే 'లుకేమియా సీరంలో ఒక "కొత్త" యాంటిజెన్' అని వస్తుంది. కొత్త అనే మాటకు కొటేషన్ గుర్తులు తగిలించింది నేను కాదు, రాసినవాళ్లే. దొరికినదేదో వాళ్లకే తెలియదు. కొత్తదని గట్టిగా అనడానికి నోరు రాలేదు, పాతదనడానికి ఆధారం లేదు. రాసినవాళ్లు ముగ్గురు. మొదటి పేరు బరూచ్ బ్లంబర్గ్, రెండోది హార్వీ ఆల్టర్. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. ఆల్టర్‌కు హెపటైటిస్ సి మీద చేసిన పనికి 2020లో వచ్చింది. ఆ చిన్న పత్రం మీద సంతకం పెట్టిన ఇద్దరికి, నలభై నాలుగేళ్ల ఎడంతో!

కాలేయం, క్యాన్సర్ అనే రెండు మాటలు కలిసిన చోటల్లా బ్లంబర్గ్ పేరు వస్తుంది. హెపటైటిస్ బి వైరస్‌ను పట్టుకున్నవాడనీ, టీకాకు దారి వేసినవాడనీ పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. ఆయన పత్రాలను తేదీల వరసలో చదివితే కథ అంత నున్నగా ఉండదు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. మధ్యలో వేసిన ఊహల్లో కొన్ని తప్పాయి. తప్పిన ఊహ కూడా ఒకసారి ఆయన్ని సరైన గుమ్మం దగ్గర దింపింది. ఇంకోసారి గోడకు తీసుకెళ్లి కొట్టింది.

అసలు ఆయన మొదలుపెట్టింది కాలేయంతో కాదు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, 1950లో, దక్షిణ అమెరికాలోని సురినాంకు వెళ్లాడు. మోయెంగో అనే గని ఊరు. చెరకు తోటల్లో కూలికోసం ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన జనం ఆ దేశంలో స్థిరపడిపోయారు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు, జావావాళ్లు, ఆఫ్రికావాళ్లు, చైనావాళ్లు. అందరికీ అవే దోమలు, అదే నీరు. బోదకాలు మాత్రం అందర్నీ ఒకేలా పట్టడం లేదు. ఎందుకని? ఈ ప్రశ్న ఆయన్ని తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కూ, అక్కణ్నుంచి రక్తంలోని ప్రొటీన్ల మీదికీ తీసుకెళ్లింది. మనిషికీ మనిషికీ రక్తంలో పుట్టుకతో వచ్చే తేడాలే రోగాల్లోని తేడాలకు మూలం కావచ్చునన్నది ఆయన పట్టు.

తేడాలు పట్టుకోవడానికి ఆయన వాడిన పద్ధతి వంటింటి పనంత సాదాగా ఉంటుంది. అద్దపు పలక మీద అగర్ జెల్‌ను పలచగా పోసి గట్టిపడనిస్తారు. చైనా గడ్డితో చేసే జెల్లీ లాంటిదే అది. అందులో నడుమ ఒక గుంట, చుట్టూ కొన్ని గుంటలు తొలుస్తారు. నడి గుంటలో హీమోఫీలియా రోగి సీరం. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఒంట్లో పరాయి ప్రొటీన్లకు యాంటీబాడీలు తయారై ఉంటాయని ఈ ఎంపిక. చుట్టూ ఉన్న గుంటల్లో దేశదేశాల మనుషుల సీరాలు. రెండూ జెల్‌లోకి ఊరుతూ ఒకదానికొకటి ఎదురవుతాయి. సరిపడే జంట కలిస్తే అక్కడ సన్నటి తెల్లని గీత పడుతుంది. 1963లో న్యూయార్క్‌కు చెందిన ఒక హీమోఫీలియా రోగి సీరానికీ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరానికీ నడుమ అలాంటి గీత పడింది. అందుకే దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు. ఆ పేరు వైరస్‌కు అతుక్కుని చాలాకాలం ఉండిపోయింది, పాపం ఆస్ట్రేలియాకు దాంతో ప్రత్యేక సంబంధమేమీ లేకపోయినా.

ఆ గీత ఇంకెవరిలో పడుతుందో చూశారు. ఆరోగ్యంగా ఉన్న అమెరికన్లలో దాదాపు లేదు. లుకేమియా రోగుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంది. ఇంకేం, లుకేమియాకు లోనయ్యే లక్షణం వంశపారంపర్యంగా దీనిలో దాగి ఉందని ఊహ. 1965 పత్రం నిలబడింది ఈ ఊహ మీదే. ఊహ తప్పు. లుకేమియా రోగులకు రక్తం ఎక్కిస్తారు, వాళ్ల రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. వైరస్ ఒంట్లోకి రావడం సులువు, పోవడం కష్టం. ఇంతే సంగతి. కానీ అది తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

తప్పు ఊహే అయినా దాన్ని పరీక్షకు పెట్టిన తీరు గొప్పది. లుకేమియా వచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్లలో, రోగం రాకముందే ఈ యాంటిజెన్ కనిపించాలి కదా అనుకున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. వాళ్లను పరీక్షిస్తే సుమారు ముప్పై శాతం మందిలో గీత పడింది. ఊహ నెగ్గిందనిపించింది. తీరా చూస్తే పెద్ద పెద్ద ఆశ్రమాల్లో కిక్కిరిసి ఉన్నవాళ్లలోనే ఎక్కువ, ఇంటిపట్టున ఉన్నవాళ్లలో తక్కువ. పుట్టుకతో వచ్చే గుణమైతే ఇల్లు, ఆశ్రమం అని చూస్తుందా? ఇంతలో, 1966 తొలినాళ్లలో, అంతకుముందు యాంటిజెన్ లేదని తేలిన ఒక డౌన్ సిండ్రోమ్ యువకుడిలో అది కనిపించింది. వారసత్వ గుణం నడుమలో ఊడిపడదు. అతన్ని ఆసుపత్రిలో చేర్చి పరీక్షలన్నీ చేశారు. ఆ రెండు పరీక్షల మధ్య అతనికి హెపటైటిస్ వచ్చింది.

1967లో 'ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్'లో వచ్చిన పత్రం శీర్షికలో మూడు రోగాల పేర్లున్నాయి: డౌన్ సిండ్రోమ్, లుకేమియా, హెపటైటిస్. పాతదాన్ని వదల్లేక, కొత్తదాన్ని ఇంకా నమ్మలేక మూడింటినీ పక్కపక్కన పెట్టినట్టుంది. నాకు ఈ పత్రమే అన్నిటికన్నా ఇష్టం. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని బ్లంబర్గ్ ప్రయోగశాలలో పనిచేసే ఒక టెక్నీషియన్‌కు ఒంట్లో బాగాలేదు. తన సీరాన్ని తనే జెల్ మీద వేసి చూసుకుంది. మర్నాటికి గీత, ఆ తర్వాత కామెర్లు. ఆమె కోలుకుంది. ఈ యాంటిజెన్ హెపటైటిస్‌దేనన్న విషయంలో ఇక అక్కడ ఎవరికీ సందేహం మిగల్లేదు. 1968లో న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ ప్రిన్స్, టోక్యోలో ఒకోచీ, మురకామి విడివిడిగా ఇదే తేల్చారు. 1970లో లండన్‌లో డేవిడ్ డేన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వైరస్ కణాన్నే చూసింది. రక్తనిధుల్లో ఈ పరీక్ష నిత్యకృత్యమైంది.

బ్లంబర్గ్ చేసిన మరో పెద్ద పని పత్రంగా కాక, పేటెంట్‌గా దాఖలైంది. 1969లో ఇర్వింగ్ మిల్‌మన్‌తో కలిసి వేసిన దరఖాస్తు అది. వైరస్‌ను మోసేవాళ్ల రక్తంలో, రోగం కలిగించే అసలు కణాలతోపాటు, లోపల ఏమీ లేని ఉత్త పైపెంకు తునకలు కుప్పలుగా తిరుగుతుంటాయి. వాటిని వడకట్టి తీస్తే అదే టీకా. రోగి రక్తంలోంచి టీకా తీయడమంటే వినడానికే ఒళ్లు జలదరిస్తుంది. మెర్క్ కంపెనీలో మారిస్ హిల్లమన్ చేతిలో అది మందుగా మారి 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ తర్వాత ఈస్ట్‌లో తయారుచేసిన పెంకుతో 1986లో రెండో తరం టీకా వచ్చింది. ఈ దారిలో ఒక మచ్చ కూడా ఉంది. న్యూయార్క్ విల్లోబ్రూక్ ఆశ్రమంలో మానసిక వికలాంగులైన పిల్లలకు సాల్ క్రూగ్‌మన్ కావాలనే హెపటైటిస్ అంటించి ప్రయోగాలు చేశాడు. మరిగించిన సీరం రక్షణనిస్తుందని 1971లో తేలింది అక్కడే. ఆ ఫలితాన్ని వాడుకున్నవాళ్లంతా ఆ పిల్లలకు రుణపడ్డవాళ్లే.

క్యాన్సర్ మాటకొద్దాం. ఈ వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో కూర్చుంటే క్యాన్సర్ వస్తుందా? బ్లంబర్గ్ బృందం డెబ్బైల నడుమ నుంచే ఆ మాట అంటోంది. వాళ్ల సంస్థలోనే పనిచేసే జెస్సీ సమ్మర్స్ 1978లో వుడ్‌చక్ అనే జంతువులో ఇదే కోవకు చెందిన వైరస్‌ను, దాంతోపాటు కాలేయ క్యాన్సర్‌ను చూపించాడు. వుడ్‌చక్ ఉడతల జాతిదే, బొరియల్లో ఉంటుంది. అయినా మనుషుల్లో తేల్చిన పత్రం మీద బ్లంబర్గ్ పేరు లేదు. దాన్ని రాసింది తైవాన్‌లో పాల్మర్ బీస్లీ, లూ-యూ హ్వాంగ్, వాళ్ల సహచరులు. బీస్లీ మొదట రుబెల్లా మీద పనిచేయడానికి ఆ దీవికి వెళ్లినవాడు.

వాళ్లు 22,707 మంది మగవాళ్లను ఎంచుకున్నారు, ఎక్కువగా ప్రభుత్వోద్యోగులు. బీమా ఉన్నవాళ్లు కాబట్టి ఎవరు ఎప్పుడు ఎందుకు పోయారో లెక్క తప్పదు. అందులో 3,454 మంది వైరస్‌ను మోస్తున్నవాళ్లు. ఏళ్లపాటు అలా కాచుకుని కూర్చున్నారు. 1981 నవంబర్‌లో 'లాన్సెట్'లో ఫలితం వచ్చింది. కాలేయ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 41 మంది. అందులో 40 మంది ఆ 3,454 మందిలోవాళ్లే. ముప్పు 223 రెట్లు. పొగతాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఇంత ఉండదు. వైరస్ తల్లి నుంచి పుట్టే బిడ్డకు ఎంతగా సోకుతుందో కూడా బీస్లీ బృందం తైవాన్‌లోనే చూపించింది. పుట్టిన వెంటనే టీకా వేయాలన్న పట్టుదల దాంట్లోంచి పుట్టిందే.

తైవాన్ 1984 జులైలో పసిపిల్లలకు టీకాలు మొదలుపెట్టింది. 1997 జూన్‌లో మెయ్-హ్వెయ్ చాంగ్ బృందం లెక్క చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు దిగింది. ఒక టీకా క్యాన్సర్‌ను తగ్గించిందని ఒక దేశపు జనాభా మీద చూపడం అదే మొదలు. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వాక్-బి'ని విడుదల చేసింది. దేశంలో జన్యుసాంకేతికతతో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా. అప్పటిదాకా దిగుమతి టీకా ధర విని వెనుదిరిగినవాళ్లకు అది అందుబాటులోకి వచ్చింది.

ఇక గోడకు కొట్టుకున్న ఊహలు. వైరస్ మోసే తల్లిదండ్రులకు మగపిల్లలు ఎక్కువ పుడతారని బ్లంబర్గ్ బృందం డెబ్బైల్లో రాసింది. దాన్ని పట్టుకుని ఎమిలీ ఆస్టర్ అనే అర్థశాస్త్రవేత్త 2005లో, ఆసియాలో ఆడపిల్లల సంఖ్య తగ్గడానికి ఇదీ ఒక పెద్ద కారణమని వాదించింది. మన దగ్గర భ్రూణహత్యలు చూస్తున్నవాళ్లకు అది మింగుడుపడలేదు. తైవాన్ జననాల లెక్కలు ఆ ప్రభావం లేశమాత్రమని చూపాయి. 2008లో ఆస్టర్ తనే ఒప్పుకుంటూ ఇంకో పత్రం రాసింది.

రెండోది మనకు ఇంకా దగ్గరిది. మా ఊళ్లో కామెర్లకు పసరు పోసేవారు. పరగడుపున రావాలి, నూనె, కారం ముట్టకూడదు, మూడు వారాలు పత్యం. ఆ పసరులో పడేది ఎక్కువగా నేల ఉసిరి. వానలు పడగానే గట్ల మీద మొలిచే చిన్న మొక్క. ఈనెను తిరగేసి చూస్తే ఆకుల కింద ఆవగింజల్లాంటి కాయలు వరసగా వేలాడుతుంటాయి. దానికి మంచిపేరు రావడంలో వింతలేదు. కలుషిత నీటితో వచ్చే కామెర్లు పసరు పోసినా పోయకపోయినా చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి.

ఈ మొక్క బ్లంబర్గ్ పత్రాల్లోకి వచ్చింది. ఆయనతో పనిచేసిన వెంకటేశ్వరన్ ప్రధాన రచయితగా 1987లో వచ్చిన పత్రం, నేల ఉసిరి సారం పరీక్షనాళికలో వైరస్‌ను అడ్డుకుంటోందనీ, వుడ్‌చక్‌లలోనూ పనిచేస్తోందనీ చెప్పింది. 1988లో మద్రాస్‌లో త్యాగరాజన్ బృందం మనుషులకిచ్చి చూసింది, 'లాన్సెట్'లో బ్లంబర్గ్ పేరుతో కలిపి అచ్చయింది. నెలరోజులు మందు తిన్న 37 మందిలో 22 మందికి యాంటిజెన్ పోయింది. మందులేని ఉత్త గొట్టపు మాత్రలు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. అంతకన్నా ఏం కావాలి? కానీ 1990లో థాయ్‌లాండ్‌లో అదే మొక్కను ఇచ్చి చూస్తే యాంటిజెన్ కదల్లేదు. అదీ 'లాన్సెట్'లోనే వచ్చింది, మొక్క విఫలమైందని శీర్షికలోనే చెబుతూ. నేల ఉసిరికి సాక్ష్యంగా 1988 పత్రాన్ని చూపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నోబెల్ గ్రహీత పేరు చూడమని వేలు పెట్టి మరీ. రెండేళ్ల తర్వాతి పత్రాన్ని మాత్రం వాళ్లు తీయరు.