వెదురు కర్రతో మొదలైన ఆట: ఆదివాసీ హాకీ చరిత్ర మనకు చెప్పేది

మన గూడేల్లో, తండాల్లో ఆటల మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒక్కటే: గ్రౌండ్ లేదు, కోచ్ లేడు, కిట్టు కొనే స్తోమత లేదు. ఈ జవాబులో నిజముంది. అయితే ఇవేవీ లేని రోజుల్లోనే మనలాంటి ఆదివాసీలు ఒక ఆటను తమ ఊళ్లలో నిలబెట్టి, దేశానికి ఒలింపిక్ క్రీడాకారులను ఇచ్చారు. జార్ఖండ్‌లోని ఖూంటీ, సిమ్‌డేగా, ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాల్లో ముండా, ఒరావ్, ఖడియా ప్రజలు పెంచిన హాకీ చరిత్ర అది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ చరిత్ర తెలుసుకోవాలి.

జైపాల్ సింగ్ ముండా

1903లో ఖూంటీ దగ్గర టక్రా గ్రామంలో ఒక ముండా కుటుంబంలో జైపాల్ సింగ్ పుట్టారు. రాంచీ మిషన్ బడిలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయ జట్టుకు హాకీ ఆడారు. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత జట్టు కెప్టెన్‌గా పిలుపు వచ్చింది. ఆయన ఆటవైపే మొగ్గారు. ఆ తర్వాత ఐసీఎస్‌ను వదులుకున్నారు. భారత్‌కు తొలి హాకీ స్వర్ణం అప్పుడే దక్కింది. ఆ పోటీల్లో మన జట్టు 29 గోల్స్ చేసి, ఒక్కటి కూడా ఇవ్వలేదు.

1939లో ఆయన ఆదివాసీ మహాసభకు అధ్యక్షులయ్యారు. తర్వాత రాజ్యాంగ సభలో దేశంలోని ఆదివాసీలందరి తరఫున మాట్లాడారు. ఆ మాటల్లో మన కోయ, గోండు, సవర పెద్దల హక్కులూ ఉన్నాయి.

మేకే కప్పు

ఒక్క జైపాల్ సింగ్‌తో ఆ ప్రాంతానికి హాకీ రాలేదు. మిషన్ బడులు ఆటను నేర్పితే, దాన్ని నిలబెట్టింది ఊళ్లు. దుకాణంలో స్టిక్కు కొనే డబ్బు లేని పిల్లలు వెదురునో, వంపు తిరిగిన చెట్టు కొమ్మనో చెక్కుకున్నారు. పంట కోసిన పొలం మైదానమైంది. ఊరికీ ఊరికీ మధ్య పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకు మేకను బహుమతిగా ఇచ్చారు. వాటినే 'ఖస్సీ' పోటీలంటారు. గెలిచిన మేకతో ఊరంతా కలిసి తినడమే పండుగ.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆట కోసం ఊరు మారలేదు, ఊరికి తగ్గట్టు ఆటే మారింది. ఖర్చు, స్థలం, కాలం, బహుమతి అన్నీ రైతుకూలీ ఇంటికి అందేలా ఉన్నాయి. అందుకే పేదపిల్లవాడు కూడా బయట నిలబడి చూడాల్సిన అవసరం రాలేదు. ఆ నేల నుంచి వచ్చిన మైకేల్ కిండో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 1975లో ప్రపంచకప్ గెలిచిన జట్లలో ఆడారు.

టర్ఫ్ వేసిన అడ్డుగోడ

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ పచ్చిక మీద నుంచి కృత్రిమ టర్ఫ్ మీదికి మారింది. అప్పటిదాకా ఏలిన భారత్ ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది. పొలంలో ఆడి ఎదిగిన పిల్లలకు ఇది మరీ పెద్ద దెబ్బ. టర్ఫ్ వేయడం ఊరి వల్ల అయ్యే పని కాదు. అక్కడ ప్రభుత్వం చేయి అందించాల్సి వచ్చింది. 1985లో రూర్కెలా పక్కన పాన్‌పోష్‌లో ఒడిశా ప్రభుత్వం క్రీడా హాస్టల్ తెరిచింది. తిండి, చదువు, శిక్షణ ఒకేచోట దొరికాయి. సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా గ్రామపు దిలీప్ తిర్కీ 1996, 2000, 2004 ఒలింపిక్స్ ఆడారు, భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు.

ఆడపిల్లలకూ దారి దొరికింది. రాంచీలోని బరియాతూ కేంద్రంలో శిక్షణ పొందిన ఖూంటీ అమ్మాయి నిక్కీ ప్రధాన్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడారు. సిమ్‌డేగా పల్లె నుంచి వచ్చిన సలీమా టేటే టోక్యోలో నాలుగో స్థానం సాధించిన జట్టులో ఆడి, 2024లో భారత కెప్టెన్ అయ్యారు. 2023లో రూర్కెలాలో 20 వేలకు పైగా సీట్లతో హాకీ స్టేడియం తెరిచి, దానికి బిర్సా ముండా పేరు పెట్టారు.

మన దగ్గర

మనకూ ఇలాంటి సాక్ష్యముంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థినిగా భువనగిరి గుట్ట మీద కొండలెక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. పాన్‌పోష్ హాస్టల్ అక్కడ చేసిన పనినే ఇక్కడ గురుకులం చేసింది.

ఈ చరిత్రలో రెండు పనులున్నాయి. ఒకటి ఊరు చేయాల్సింది, రెండోది ప్రభుత్వం చేయాల్సింది. ఒకదాని కోసం ఇంకొకటి ఆగకూడదు. కోతలయ్యాక ఏటా ఒక పోటీ పెట్టడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. విల్లు, కబడ్డీ, పరుగు, ఏదైనా సరే. ఆడపిల్లల పోటీ అందులో తప్పక ఉండాలి. ఇంటి పని వాళ్ల మీదే పడకుండా అన్నదమ్ములూ నీళ్లు మోయాలి. పొద్దుగూకక ముందే ఆట ముగిస్తే పక్క గూడెం అమ్మాయిలూ వస్తారు. ఆడినవారి పేర్లు, గెలుపోటములు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. మైదానం, కోచ్, హాస్టల్ సీట్ల కోసం గ్రామసభలో తీర్మానం చేసి ఐటీడీఏ ముందు నిలబడినప్పుడు ఆ పుస్తకమే మన బలం. ఆడుతున్న ఊరు అడిగితే కాదనడం అంత తేలిక కాదు.