ఇద్దరు గ్రామ గురువులు, పిల్లల ప్రశ్నలు

ఈ శతాబ్ది మహోత్సవ సంచికకు మన మిషను బడులను గూర్చి వ్రాయుమని సంపాదక సంఘమువారు మమ్మును కోరిరి. ఏ ఊరిలో ఏ సంవత్సరమున బడి కట్టబడెనో ఇతరులు వ్రాయుచున్నారు గనుక మేము వేరొక సంగతి ఎత్తుకొనుచున్నాము. ఆ బడులలో మన పిల్లలకు చదువు, వ్రాత, లెక్కలు వచ్చెను. అయితే “ఎందుకు?” అని అడుగుట, అడిగినదానిని చేసి చూచుకొనుట అంతగా ఎందుకు రాలేదు? దీనికి జవాబు కొంత ఇంగ్లాండు దేశపు పల్లెలలో దొరకును. అక్కడ ఈ పనికి పూనుకొన్నవారిలో మావంటి సంఘ గురువులు ఉండుట మాకు సంతోషము, కొంచెము సిగ్గు కూడ.

మొదట ఛార్లెస్ మేయో అను గురువును చెప్పవలెను. ఈయన స్విట్జర్లాండులో పెస్తలోజీ నడిపిన బడిలో 1819 నుండి మూడేండ్లు గడిపి వచ్చెను. ఆయన సోదరి ఎలిజబెత్ 1830 ప్రాంతమున వస్తుపాఠముల పుస్తకమొకటి వ్రాసెను. పిల్లల చేతికి గాజుముక్క ఇచ్చి, అది ఎట్లున్నదో వారి నోటనే చెప్పించుట ఆమె ఉద్దేశము. కాని రానురాను ఉపాధ్యాయులు గాజుముక్కను ప్రక్కన పెట్టి, గాజు గుణములను వరుసగా వల్లె వేయించసాగిరి. బంగారు వాక్యమును అర్థము తెలియకయే అప్పగించు ఆదివారపు బడి పిల్లలను ఎరిగిన మనకు ఇది వింత కాదు.

రిచర్డ్ డాస్ గారి సంగతి వేరు. కేంబ్రిడ్జిలో గణితము బోధించిన ఈయన హాంప్‌షైరులోని కింగ్స్ సాంబోర్న్ అను పల్లెకు గురువుగా వచ్చి, 1842లో బడి తెరచెను. కూలివారి పిల్లలు వారమునకు ఏవో కొద్ది పెన్నీలు, రైతుల పిల్లలు అంతకంటె ఎక్కువ చెల్లించి ఒకే తరగతిలో కూర్చుండిరి. మాల మాదిగ పిల్లలను బడి వరండాలో కూర్చుండబెట్టిన దినములను గూర్చి పెద్దలనుండి విన్నవారికి దీని విలువ తెలియును. పాఠమునకు సామగ్రి ఇంటిలోనిదే: టీ కెటిలు, పొయ్యి, కొవ్వొత్తి, పంపు, పార, ఒంటిమీది బట్ట. ఒకే గదిలోనున్న ఇనుము చల్లగాను, కర్ర వెచ్చగాను ఎందుకు తోచును? రెండింటి వేడిమి ఒకటే. ఇనుము మన చేతి వేడిమిని త్వరగా లాగుకొనును. ఇట్టి ప్రశ్నలతో సాగిన ఆ బోధను ఆయన 1847లో పుస్తకముగా వెలువరించెను. ప్రభుత్వ తనిఖీ అధికారి హెన్రీ మోస్లీ, ఆయనయు గురువే, ఈ బడిని తన నివేదికలలో ఎంతగానో మెచ్చుకొనెను.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రితము వి.బి.ఎస్.లో గ్లాసు నిండ నీళ్ళు పోసి, పైన అట్టముక్క ఉంచి, తలక్రిందులుగా పట్టి చూపితిమి. నీళ్ళు పడలేదు. ఎనిమిదేండ్ల బాలుడొకడు లేచి, “అయ్యగారూ, సగమే పోస్తే పడతాయా?” అని అడిగెను. “పడతాయిలే, కూర్చో” అంటిమి. భోజనమైన తరువాత వాడు కుళాయి దగ్గరనుండి మమ్మును కేకవేసెను. సగము గ్లాసు నీళ్ళు కూడ నిలిచినవి. వేదాంత కళాశాలలో పట్టా పొందిన మేము ఊహించి చెప్పితిమి. వాడు చేసి చూచెను.

రెండవ గురువు జాన్ స్టీవెన్స్ హెన్‌స్లో. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్ర ఆచార్యులు; 1831లో డార్విన్‌ను బీగిల్ ఓడ ప్రయాణమునకు సిఫారసు చేసినవారు. 1837లో సఫోక్‌లోని హిచ్చమ్ అను పేద పల్లెకు గురువుగా నియమింపబడెను. 1850 తరువాత అక్కడి బడిపిల్లలకు, ముఖ్యముగా బాలికలకు, పూలు నేర్పెను. పొలము గట్లవెంట దొరికిన పూవును పిల్ల తెచ్చి, విప్పి, రక్షకపత్రములెన్ని, కేసరములెన్ని అని లెక్కించి, కాగితముపై పట్టికలో వ్రాయవలెను. పుస్తకములో ఏమున్నదో కాదు, ఈ పూవులో ఏమున్నది అన్నదే అక్కడి ప్రశ్న. గింజలు సముద్రపు నీటిలో నానిన తరువాత మొలచునా అని డార్విన్ 1855లో పరీక్షించుచున్నప్పుడు, గింజలు సేకరించి ఇచ్చుటకు ఈ పల్లె బాలికల సాయమునే హెన్‌స్లో ద్వారా కోరెను.

ఇంత చక్కని పని ఎందుకు నిలువలేదు? 1860లో బ్రిటిష్ అసోసియేషనుకు అధ్యక్షుడైన లార్డ్ రాట్స్‌లీ ఆ రోజులలో ఒక సంగతి వ్రాసెను. పేదల బడిలో గూని గల, కుంటుచు నడచు బాలుడొకడు ముందుకు వచ్చి, శాస్త్ర ప్రశ్నకు స్పష్టముగా జవాబిచ్చెను. ప్రభువు మెచ్చుకొనెను, అంతలోనే సిగ్గుపడెను. ఆ బాలుని పేదరికమును చూచి కాదు. పైవారికి తెలియని సంగతులు క్రిందివారికి తెలిసియుండుట ఆయనకు కష్టముగా తోచెను! మేము ఈ భాగము చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు ఊరకయుంటిమి.

1862లో రాబర్ట్ లో తెచ్చిన కొత్త నిబంధనలు మిగిలిన పని చేసినవి. చదువు, వ్రాత, లెక్కల పరీక్షలో పిల్లవాడు నెగ్గిన కొలది బడికి గ్రాంటు. ఒక్కొక్క విషయమునకు 2 షిల్లింగుల 8 పెన్నీలు. కెటిలుకు, పూవుకు పైస లేదు. ఈ ఏర్పాటు ఓడనెక్కి మనయొద్దకును వచ్చెను. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. అక్కడ 1860 దశకము చివరనుండి ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి పల్లె బడులలో సాగినది. తన జీతము పిల్లవాని వాచకముపై వ్రేలాడుచుండగా, ఉపాధ్యాయుడు వానిని చెరువు గట్టుకు తీసికొనిపోయి కప్పగ్రుడ్లు చూపునా? ఆ తరపు పంతుళ్ళను తప్పుపట్టుటకు మాకు మనస్సు రాదు.

గత వేసవి వి.బి.ఎస్.లో బోధకులకు మేము ఒక్క మార్పు చెప్పితిమి: పిల్లవాడు ప్రశ్న అడిగినయెడల జవాబు చెప్పక, గ్లాసు వాని చేతికే ఇవ్వుడి. మూడవ దినమునకు గుడి వరండా అంతయు తడిసి, తుడువలేక కావలివాడు మామీద విసుగుకొనెను.