పదో తరగతి పరీక్ష, సర్వేల్ గురుకులం, యాభై ఏళ్లు

2021 నవంబరు 23కు సర్వేల్ గురుకుల విద్యాలయానికి యాభై ఏళ్లు నిండాయి. స్వర్ణోత్సవ సంచిక అనగానే ఏ బడి అయినా ముందు ఫలితాల పట్టిక తీస్తుంది. ఏ సంవత్సరం ఎంతమంది ఫస్టు క్లాసులో పాసయ్యారు, ఎన్ని ర్యాంకులు వచ్చాయి, ఎవరు ఏ పదవికి చేరారు అని లెక్క చెబుతుంది. పదో తరగతి ర్యాంకుల మాట వస్తే తెలుగునాట వెంటనే తలపుకొచ్చే ప్రభుత్వ బళ్లలో సర్వేల్ ఒకటి కనుక, ఆ పట్టికకు ఇక్కడ కొరత లేదు.

అయితే ఈ పండుగ వచ్చిన వేళ వేరు. కరోనా వల్ల వరసగా రెండేళ్లు పదో తరగతి పిల్లలు పూర్తిగా పరీక్ష రాయకుండానే పై తరగతికి వెళ్లారు. పరీక్షల్లో పేరు తెచ్చుకున్న బడి, పరీక్షలు లేని ఏడాదిలో స్వర్ణోత్సవం చేసుకుంది. పరీక్ష మనకు ఏమిచ్చింది, ఏమివ్వలేదు అని నింపాదిగా ఆలోచించడానికి అంతకన్నా తగిన సందర్భం దొరకదు.

మెట్ట నేల మీద మొదలైన బడి

1971లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత పాతిక శాతం కూడా లేదు. పల్లెల్లో హైస్కూలు అంటే పక్క ఊరికి నడిచి వెళ్లాల్సిన చోటు. తెలివైన పిల్లవాడైనా ఇంట్లో ఎడ్లు కాయాల్సి వస్తే చదువు అక్కడితో ఆగేది. అంతకుముందు మూడేళ్లు విద్యాశాఖ చూసిన పి.వి. నరసింహారావు ఈ సంగతి దగ్గరగా ఎరిగినవారు. పల్లెలో పుట్టిన చురుకైన పిల్లలను ఒక్కచోట చేర్చి, తిండీ బసా పుస్తకాలూ సర్కారే ఇచ్చి, అయ్యవార్లను కూడా ఆ ఆవరణలోనే ఉంచి చదివిస్తే ఏమవుతుందో చూడాలన్నది ఆయన తలంపు. ముఖ్యమంత్రి అయిన రెండు నెలలకే దాన్ని అమల్లో పెట్టారు.

దానికి ఎంచుకున్న చోటు నల్లగొండ జిల్లాలోని సర్వేల్. చౌటుప్పల్ దగ్గర జాతీయ రహదారి దిగి నారాయణపురం వైపు వెళ్తే వచ్చే మెట్ట ప్రాంతం అది. వాన మీద ఆధారపడ్డ సేద్యం, ఫ్లోరైడ్ నీళ్లు, వలసలు ఆ నేలకు కొత్త కాదు. ఆ ఊరి సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి బడి కోసం తన భూమి ఇచ్చారు. అక్కడికి దగ్గరలోని పోచంపల్లిలోనే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట భూదానోద్యమం పుట్టింది. భూమి లేని వాడికి భూమి ఇవ్వాలన్న ఉద్యమం నడిచిన సీమలోనే, ఇరవై ఏళ్లకు, చదువు అందని వాడికి చదువు ఇవ్వడానికి భూమి దానం జరిగింది. సర్వేల్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపే చెప్పాలి.

మరుసటి ఏడు, 1972లో, కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలో, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఇలాంటి బళ్లే వచ్చాయి. మూడు ప్రాంతాలకు మూడు బళ్లు. పదో తరగతి ఫలితాల్లో ఏళ్ల తరబడి ఈ మూడూ ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు సర్వేల్ తెలంగాణకు, మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో జిల్లాలు మారి సర్వేల్ యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది. పాలన ఎన్నిసార్లు చేతులు మారినా పూర్వ విద్యార్థుల నోట మాత్రం అది ఇప్పటికీ నల్లగొండ జిల్లా సర్వేలే.

స్టడీ అవర్‌లో ఏం జరుగుతుంది?

గురుకులాల ఫలితాల రహస్యం ఏమిటని అడిగిన వాళ్లకు చూపించాల్సింది రాత్రి స్టడీ అవర్. భోజనాలు అయ్యాక పిల్లలు తరగతి గదుల్లో వరసగా కూర్చుంటారు. డ్యూటీలో ఉన్న సారు వరసల మధ్య తిరుగుతుంటారు. లెక్కల సారు అయితే బోర్డు మీద ఒక లెక్క రాసి వదిలేస్తారు. ఒకడు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతాడు. పక్కవాడు వాడి నోటుబుక్కులోకి వంగి, గుణకారంలో గుర్తు తప్పిందని వేలు పెట్టి చూపిస్తాడు. సారు అది చూసి కూడా చూడనట్టు ముందుకు వెళ్తారు. ఊళ్లో ట్యూషను లేని పిల్లవాడికి ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి కూడా అడగడానికి మనిషి ఉన్నాడు. డబ్బున్న ఇంట్లో పిల్లలకు ఎప్పుడూ ఉండే ఆ సౌకర్యాన్ని ఈ బడి డబ్బు లేని పిల్లలకు ఇచ్చింది.

తెల్లవారుజామున లేవడం, వ్యాయామం, ప్రార్థన, పగలంతా తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి మళ్లీ చదువు: ఈ దినచర్యలో కొత్తదనం ఏమీ లేదు. దాని బలమంతా నాగా లేకుండా సాగడంలో ఉంది. వారం వారం పెట్టే స్లిప్ టెస్టు పేపరు దిద్ది పిల్లవాడి చేతికి తిరిగి ఇవ్వడం, తప్పు రాసింది మళ్లీ రాయించడం, ఎవరు ఏ పాఠంలో వెనకబడ్డారో వాళ్లను విడిగా కూర్చోబెట్టడం ఏళ్ల తరబడి అలవాటుగా సాగితే, మార్చిలో వచ్చే పబ్లిక్ పరీక్ష పిల్లవాడికి భయం పుట్టించదు. తాను రోజూ చేస్తున్న పనినే ఇంకో గదిలో, ఇంకో బెంచీ మీద చేస్తాడు.

పేరు లేని పేపరు

పబ్లిక్ పరీక్షను తిట్టడం సులభం. బట్టీ పట్టిస్తుంది, భయపెడుతుంది, ఏడాది చదువును కొన్ని గంటల్లో తేలుస్తుంది అంటారు. ఇవన్నీ నిజమే. కానీ పేదింటి పిల్లవాడి వైపు నుంచి చూస్తే దానికి ఇంకో ముఖం ఉంది.

పరీక్ష హాల్లో జవాబు పత్రానికి అడిషనల్ షీట్లు కలిపి దారంతో ముడి వేసేవారు. చివరి అరగంటలో బిట్ పేపరు చేతికి వస్తుంది. ర్యాంకుల కాలంలో పెద్ద ప్రశ్నలన్నీ బాగా రాసిన ఇద్దరి మధ్య తేడా తేల్చింది చాలాసార్లు ఆ బిట్లే. తర్వాత ఆ పత్రం మీద కోడ్ పడుతుంది, పేరూ ఊరూ ఉన్న భాగం విడిపోతుంది. ఇంకో జిల్లాలో స్పాట్ వాల్యుయేషన్ బల్ల ముందు కూర్చున్న సారుకు ఆ చేతిరాత ఎవరిదో తెలియదు. కలెక్టరు కొడుకుదీ కావచ్చు, కూలికి పోయే తల్లి బిడ్డదీ కావచ్చు. కులం, డబ్బు, పలుకుబడి, ఇంటి పేరు ఆ బల్ల దాకా రావు. వచ్చేది జవాబు ఒక్కటే.

సర్వేల్ లాంటి బళ్లకు పబ్లిక్ పరీక్ష గీటురాయిగా నిలిచింది అందుకే. పల్లెటూరి సర్కారు బడి పిల్లవాడు, అదీ తెలుగు మీడియంలో చదివినవాడు, పట్నంలో ఫీజులు కట్టి చదివిన పిల్లలకంటే ముందు నిలిస్తే, దాన్ని ఎవరూ కాదనలేకపోయారు. ‘మా పిల్లలకు తెలివి లేదు’ అనుకునే తండ్రికీ, ‘సర్కారు బడిలో ఏముంది’ అనే ఇరుగుపొరుగుకూ పత్రికలో వచ్చిన ర్యాంకు జాబితా జవాబు చెప్పింది. తెలంగాణ మాజీ డీజీపీ ఎం. మహేందర్‌రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం ఈ బడిలో చదివినవారే. వాళ్ల వెనక పేరు తెలియని డాక్టర్లు, ఇంజినీర్లు, మరీ ముఖ్యంగా మళ్లీ సర్కారు బళ్లకే సార్లుగా వెళ్లినవాళ్లు ఉన్నారు.

ఇక్కడి అనుభవం ఇక్కడే ఆగలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలుపెట్టింది. దళిత పిల్లలకు ఆ తలుపు తెరుచుకుంది. పి.వి. 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి అయ్యారు. ఆ ఏడాదే నవోదయ విద్యాలయాలు ప్రయోగంగా మొదలై, 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతా వ్యాపించాయి. మెట్ట ఊళ్లో నడిచిన ప్రయత్నం దేశానికి దారి చూపిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

ర్యాంకులు పోయి గ్రేడ్లు వచ్చాయి

ర్యాంకుకు ఇంకో వైపు కూడా ఉంది. ఏడాదికేడాది కార్పొరేట్ బళ్లు ర్యాంకులను వ్యాపార ప్రకటనలు చేసుకున్నాయి. ఒక మార్కు తేడాకు పిల్లలు కుమిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. 2012 మార్చి పరీక్షల నుంచి ప్రభుత్వం మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చింది. తెలంగాణలో 2014-15 నుంచి నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చి, సబ్జెక్టుకు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలో జరిగే అంతర్గత పరీక్షలకు అయ్యాయి. ప్రశ్నలు కూడా పాఠంలో ఉన్నది ఉన్నట్టు అడగడం తగ్గి, ఆలోచించి సొంత మాటల్లో రాయాల్సినవి పెరిగాయి. గైడు పుస్తకం వల్లె వేసిన వాళ్లకు ఇది ఇబ్బంది అయ్యింది. స్టడీ అవర్‌లో పక్కవాడికి చెబుతూ నేర్చుకున్న పిల్లలకు అంత ఇబ్బంది కాలేదు.

రెండేళ్ల ఖాళీ

2020 మార్చి 19న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు అయ్యాయో లేదో కరోనా వల్ల ఆగిపోయాయి. జూన్‌లో ప్రభుత్వం మిగతావి రద్దు చేసి, అంతర్గత మార్కులతో అయిదు లక్షలకు పైగా పిల్లలందరినీ పాస్ చేసింది. 2021లో అసలు పరీక్షే లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బళ్లు తెరిచిన కొద్ది రోజుల్లో పెట్టిన మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం ఆధారంగా, అంటే 20 మార్కుల అంతర్గత పరీక్షను నూటికి పెంచి, గ్రేడ్లు ఇచ్చారు. 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ వచ్చింది.

ఆ కష్టకాలంలో అంతకన్నా చేయగలిగింది లేదు. పిల్లల ప్రాణాల ముందు పరీక్ష ఏపాటిది? అయినా ఆ అంకె ఒక నిజం చెబుతుంది. ప్రతి అయిదుగురిలో ఇద్దరికి పదికి పది వస్తే, నిజంగా కష్టపడి చదివిన పల్లె పిల్లవాడు తన కష్టాన్ని ఎవరికి, ఎలా చూపించుకోవాలి? పలుకుబడి ఉన్న ఇంటి పిల్లవాడికి కాగితం మీద గ్రేడు లేకపోయినా ఇంకో దారి ఉంటుంది. పల్లె పిల్లవాడికి ఆ కాగితమే దారి. పేరు చూడకుండా దిద్దే పరీక్ష లేకపోతే ముందు నష్టపోయేది వాడే. ఆ రెండేళ్లు నేర్పిన మొదటి పాఠం ఇది.

రెండో పాఠం దీనికన్నా పెద్దది. బళ్లు మూతబడ్డప్పుడు గురుకులాల పిల్లలు ఇళ్లకు వెళ్లారు. మిగతా బళ్లు 2021 సెప్టెంబరులో తెరిచినా, గురుకులాలు హైకోర్టు అనుమతించాక అక్టోబరులోనే తెరుచుకున్నాయి. అన్ని నెలలు పిల్లలు పోగొట్టుకున్నది పరీక్షను కాదు. రాత్రి తొమ్మిదింటికి అడగడానికి ఉన్న మనిషిని పోగొట్టుకున్నారు. పత్తి చేలకు వెళ్లినవాళ్లున్నారు, అన్నదమ్ములతో ఒక్క ఫోను పంచుకుని టీశాట్ ఛానెల్ పాఠాలు విన్నవాళ్లున్నారు. ఫలితాల పట్టిక వెనక నిజంగా పని చేసింది ఏమిటో అది లేనప్పుడే తెలిసింది.

పక్క ఊరి హైస్కూలు మాట

సర్వేల్‌ను పొగిడేటప్పుడు ఒక న్యాయమైన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ బడి ప్రవేశ పరీక్షతో పిల్లలను ఎంచుకుంటుంది. పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు ఎవరు వస్తే వాళ్లను చేర్చుకుంటుంది. ఏడో తరగతిలో కూడిక రాని పిల్లవాడినీ, పత్తి తీతకు నెల రోజులు బడి మానిన అమ్మాయినీ ఆ బడే పదిదాకా తీసుకురావాలి. ఈ రెండు బళ్ల ఉత్తీర్ణత శాతాలను పక్కపక్కన పెట్టి ‘వీళ్లు గొప్ప, వాళ్లు తక్కువ’ అనడం అన్యాయం. ఆరో తరగతిలో చేరినప్పుడు పిల్లవాడు ఎక్కడున్నాడు, పదయ్యేసరికి ఎంత దూరం వచ్చాడు అన్నది చూస్తేనే బడి చేసిన పని తెలుస్తుంది. ఆ కొలతతో చూస్తే, వెనకబడ్డ నలభై మంది పిల్లలను పాస్ మార్కు దాటించిన జిల్లా పరిషత్ సారు కూడా గొప్ప ఫలితం తెచ్చినట్టే.

2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే ఆ దిశలో ఒక ప్రయత్నం. 3, 5, 8, 10 తరగతుల పిల్లల్లో కొందరిని ఎంచుకుని ఓఎంఆర్ షీట్లతో జరిపిన ఆ పరీక్ష ఏ పిల్లవాడికీ ర్యాంకు ఇవ్వలేదు, ఎవరినీ ఫెయిల్ చేయలేదు. జిల్లా మొత్తం మీద పిల్లలకు ఏ విషయంలో పట్టు లేదో మాత్రం చెప్పింది. 2022 వేసవిలో పదో తరగతికి 11 పేపర్లకు బదులు 6 పేపర్లే ఉంటాయని ప్రభుత్వం అప్పటికే చెప్పింది. భారం తగ్గడం మంచిదే. అయితే రెండేళ్లు తరగతి గది సరిగా చూడని పిల్లలు పరీక్షలకు సిద్ధం కావడానికి తోడు కావాలి.

అందుకే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. విగ్రహాలు, కమానులు, సన్మానాలు చాలు. సర్వేల్ చుట్టుపక్కల మండలాల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పదో తరగతి పిల్లలకు శీతాకాలం నుంచి మార్చిదాకా సాయంత్రం స్టడీ అవర్ నడిపిద్దాం. ఒక గది, కరెంటు, గుప్పెడు పల్లీలో గుగ్గిళ్లో, లెక్కలూ ఇంగ్లీషూ చెప్పగల ఒక మనిషి ఉంటే చాలు. వారానికి ఒక స్లిప్ టెస్టు పెట్టి, దిద్ది, తిరిగి చేతికిద్దాం. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వంతుల వారీగా శనివారాలు వద్దాం, ఊళ్లో ఉన్న రిటైర్డు సార్లను పిలుచుకుందాం. ఎంపిక చేసిన కొందరికి ఈ బడి యాభై ఏళ్లు ఇచ్చినదాన్ని, ఎంపిక కాని పిల్లలకు కూడా ఇవ్వడం మొదలుపెడితే, భూమి ఇచ్చిన మద్ది నారాయణరెడ్డి రుణమూ, బడి ఇచ్చిన పి.వి. రుణమూ కొంతైనా తీరుతాయి. ఫలితాలు వచ్చినప్పుడు సర్వేల్ పట్టికతో పాటు చుట్టూ ఉన్న హైస్కూళ్ల పట్టికలు కూడా తెప్పించుకుని చూద్దాం. ఇకమీదట మన బడి గొప్పతనం ఆ రెండో పట్టికలోనే తేలాలి.