మట్టి ముద్ద నుంచి రైలు పట్టా దాకా

శ్రావణ అమావాస్యను మనం పొలాల అమావాస్య అంటాం. ఛత్తీస్‌గఢ్‌లో అదే రోజు పోలా పండుగ. అక్కడి పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది గనుక వారికది భాద్రపద అమావాస్య. పేరు మారినా రోజు ఒక్కటే. ఈ పండుగకు భిలాయి బజార్లలో చక్రాలు బిగించిన మట్టి ఎద్దులు, మట్టి తిరగళ్లు, బుల్లి వంటపాత్రలు అమ్ముతారు. ఉక్కు కర్మాగారంలో పనికోసం తెలుగునాట నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలకూ ఇవి పరిచయమే.

ఇలాంటి బొమ్మల చరిత్ర పాతదే. సింధు నాగరికత తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్లకు పైబడిన మట్టి బండ్లు, ఎద్దు బొమ్మలు బయటపడ్డాయి. మరి మట్టితో బొమ్మలు చేయడం చదువులో భాగమని ఎప్పుడు గుర్తించారు?

జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ యువకుడిగా బెర్లిన్‌లో స్ఫటికాలను వర్గీకరించే పని చేశాడు. ప్రకృతి రూపాలన్నీ కొన్ని సరళమైన ఆకారాల నుంచే పుడతాయని ఆయన నమ్మకం. 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల చేతికి పలక కంటే ముందు ఊలు బంతి, చెక్క గోళం, ఘనం, స్థూపం ఇచ్చాడు. బంకమట్టితో బొమ్మలు చేయించాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడులను నిషేధించింది. మరుసటి ఏడాది ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం 1860లో తొలగింది. అప్పటికే ఆయన శిష్యులు ఆ పద్ధతిని ఇతర దేశాలకు తీసుకెళ్లారు.

మన దేశంలో 1937 వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలన్నారు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారుకు వచ్చి, చేత్తో పట్టి అమర్చే ఘనాలు, స్థూపాలతో బోధించడంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

చేతికి, ఆలోచనకు ఉన్న ఈ సంబంధాన్ని పరీక్షించినవారు స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే, ఆయన సహచరి బార్బెల్ ఇన్‌హెల్డర్. మీరూ ఈ ప్రయోగం చేయవచ్చు. సమానమైన రెండు మట్టి ఉండలు చేసి, ఐదేళ్ల తమ్ముడికో చెల్లెలికో చూపండి. రెండూ సమానమేనని వాళ్లు ఒప్పుకున్నాక, ఒకదాన్ని వాళ్ల ఎదుటే పొడవుగా పాములా చేయండి. "ఇప్పుడు మట్టి ఎందులో ఎక్కువుంది?" అని అడగండి. చాలామంది పొడవైనదాన్నే చూపుతారు. మట్టి పరిమాణం మారదని సుమారు ఏడెనిమిదేళ్లకు, బరువు మారదని తొమ్మిది పదేళ్లకు, ఘనపరిమాణం మారదని పదకొండు పన్నెండేళ్లకు గ్రహిస్తారని పియాజే చెప్పాడు. ఈ వయసులు పిల్లలను, పరిసరాలను బట్టి కొంత మారుతాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఇప్పుడు భిలాయి కర్మాగారం లోపలికి వెళదాం. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఇక్కడి రైలు మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ రోలర్ల మధ్య నలిగి, సన్నబడుతూ, సాగుతూ 130 మీటర్ల పట్టాగా బయటికొస్తుంది. పొలుసుగా రాలేదీ, కొసలు కత్తిరించేదీ వదిలేస్తే ఉక్కు పెరగదు, తరగదు. అడ్డుకోత వైశాల్యం నాలుగోవంతుకు తగ్గితే పొడవు నాలుగింతలవుతుంది. ఇంజనీరు కాగితం మీద వేసే ఈ లెక్కే పిల్లవాడి అరచేతిలో మట్టి పాముగా సాగింది!

కాగితం మీది బొమ్మకు ఒకే వైపు ఉంటుంది. మట్టి ఎద్దుకు వెనకవైపూ ఉంటుంది. కాళ్లు సన్నమైతే అది కూలిపోతుంది. బరువు, సమతౌల్యం, లోపలా వెలుపలా అనే ఊహలు ఇలా పాఠం లేకుండానే అలవడతాయి. 2013లో 217 అధ్యయనాలను కలిపి పరిశీలించిన అమెరికా పరిశోధకులు, ఆకారాలను మనసులో తిప్పి చూడగల శక్తి శిక్షణతో పెరుగుతుందని నిర్ధారించారు. అది పుట్టుకతోనే నిర్ణయమైపోయేది కాదన్నమాట.

పోలా పండుగకు ఎద్దులు మగపిల్లలకు, వంటపాత్రలు ఆడపిల్లలకు ఇవ్వడం ఆనవాయితీ. శిక్షణతో ఎవరికైనా పెరిగే శక్తికి ఈ విభజన ఎందుకు? 2020 జాతీయ విద్యా విధానం బొమ్మలతో బోధనను ప్రోత్సహిస్తోంది. అయినా మూడేళ్లకే పలక, నోటుబుక్కు, ఇప్పుడు సెల్‌ఫోను తెర! అన్నీ చదునైనవే. గుప్పెడు శుభ్రమైన బంకమట్టికి ఖర్చెంత? ఈసారి మీ ఇంట్లోని చిన్నారులకు ఆడ, మగ తేడా లేకుండా మట్టి ఇచ్చి, ఎద్దును చేయమనండి. అది కూలిపోతే వెంటనే సరిచేయకండి. ఎందుకు పడిందో వాళ్లనే చెప్పనివ్వండి.